ఎర్మీనియో ఇంట్లో ఉంటున్నవారు

సూట్‌కేసు మూత పడటం లేదు. నతేర్సియా దాని మీద మోకాలు పెట్టి నొక్కుతోంది.

“చలికోట్లు ఎందుకమ్మా అందులో? నువ్వు నన్ను పంపాలంటున్న ఆ ట్యులేర్ ఊళ్లో ఎండలు మండిపోతుంటాయి,” అంది లీడియా, మంచం అంచు మీద నుంచి కదలకుండానే.

“ఎండలు ఏడాదంతా ఉంటాయా? నోరు మూసుకుని ఆ బూట్లు ఇటివ్వు.”

“నేను వెళతానని చెప్పలేదు.”

“ఉంటానని కూడా చెప్పలేదుగా!”

అది నిజమే. మధ్యాహ్నం పూలపెట్టె వచ్చినప్పటి నుంచి లీడియా అదీ చెప్పలేదు, ఇదీ చెప్పలేదు. పసుప్పచ్చ కార్నేషన్లు వంటింటి తొట్టిలో పడి ఉన్నాయి. వాటికి నీళ్లు పోద్దామన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

ముందుగదిలో డియోలిండా స్టూలెక్కి గోడకి తెల్లబట్ట కొడుతోంది. నోట్లో మేకులు, చేతిలో సుత్తి. ఆదివారం సాయంత్రం పరిశుద్ధాత్మ కిరీటం ఈ ఇంటికి వస్తోంది. ఈస్టరు తరవాత ఏడు వారాలు అది వారానికో ఇంట్లో, ఏడిళ్లలో ఉంటుంది. ఏ వారం ఎవరిదో చీట్లు తీసి తేలుస్తారు. ఈ ఇంట్లో కాపురం పెట్టిన నాటి నుంచి డియోలిండా ఏటా చీటీ వేస్తూనే ఉంది. పక్కింటి జుల్మీరాకి రెండుసార్లు వచ్చింది కానీ డియోలిండాకి ఒక్కసారీ రాలేదు. పోయినేడు తీసిన చీట్లలో మొదటిసారి ఆమె పేరు పలికింది. ఈ వారం జుల్మీరాది, వచ్చే వారం డియోలిండాది.

కిరీటం ఉన్నన్నాళ్లూ ఆ ఇంటి తలుపు మూయరు. ఎవరైనా రావచ్చు, కూర్చుని జపమాల చెప్పుకోవచ్చు, తీపిరొట్టె తిని పోవచ్చు. ఆ ‘ఎవరైనా’ అన్న మాట దగ్గరే ఇవాళ డియోలిండాకీ కూతురు నతేర్సియాకీ చెడింది.

“అమ్మా! సుత్తి దించు. నీ మనవరాలి మొగుడు దీని కోసం ఊళ్లు గాలిస్తుంటే, తలుపు బార్లా తీసుకుని వారం రోజులు కూర్చుంటావా?”

“మాజీ మొగుడు,” అంది లీడియా గదిలోంచి.

“కోర్టు కాగితం మీద మాజీ. వాడి బుర్రలో కాదు.”

“దరిదాపులకి రావద్దని కోర్టు చెప్పిందిగా,” అంది డియోలిండా మేకుల సందులోంచి.

“చెప్పింది. కోర్టు వచ్చి మన గుమ్మంలో కాపలా కూర్చుంటుందా?”

డియోలిండా ఇంకో మేకు కొట్టింది. ఆ దెబ్బ మేకుకి అవసరమైనదానికన్నా గట్టిగానే పడింది.

పూలు ఆ మాజీ మొగుడు వెండెల్ పంపినవి కావు. అదొక్కటే ఊరట. పెన్సిల్వేనియాలో లీడియా పనిచేసిన బేకరీలో ఆమెతో పాటు పిండి కలిపిన రమోనా, లీడియా పుట్టినరోజుకని పంపింది. పాపం మంచిదే. పెట్టె అందిందా అని తనే ఫోను చేసింది కూడా. “నీ అడ్రసు నెట్‌లో ఎంత తేలిగ్గా దొరికిందనుకున్నావు!” అని సంబరంగా చెప్పింది. ఆ వెంటనే గొంతు తగ్గించి, వెండెల్ రెండుసార్లు బేకరీకి వచ్చాడనీ, లీడియా ఎక్కడుందని అడిగాడనీ, తను పెదవి విప్పలేదనీ చెప్పింది.

రమోనా పెదవి విప్పకపోతే ఏం లాభం? వెండెల్ ఈ ఊరు ఎప్పుడూ రాలేదు, ఇన్నాళ్లూ కాపాడింది అదే. రమోనాకి దొరికింది వెండెల్‌కి దొరకదా?

చలికాలమంతా లీడియా చేసిన పని తన అడ్రసు దొరక్కుండా చేసుకోవడమే. మనుషుల అడ్రసులు అమ్ముకుని బతికే సైట్లు పుట్టగొడుగుల్లా ఉన్నాయి. ఓటర్ల జాబితాలు, ఇంటి దస్తావేజులు, ఫోను ఖాతాలు, పెళ్లిళ్లు, విడాకులు, ఎక్కడ పేరు కనిపిస్తే అక్కడ ఏరుకుని, మనిషికో పేజీ కుట్టి బజార్లో ఆరేస్తాయి. లీడియా ఒక్కోదాన్నీ పట్టుకుని, నా పేజీ తీసెయ్యండి, నా పేజీ తీసెయ్యండి అని అడుగుతూ పోయింది. కొన్ని వెంటనే తీశాయి, కొన్ని ఏడిపించి తీశాయి. పోయిన నెల తన పేరు కొట్టి చూసుకుంటే ఏ పేజీ రాలేదు. ఆ రోజు వంటింట్లో అమ్మమ్మని రెండు చేతులూ పట్టుకుని గిరగిరా తిప్పింది.

“అంతా తీసేశావన్నావు. మరి ఆ పిల్లకి ఎలా దొరికింది?” నతేర్సియా సూట్‌కేసు వదిలేసి వంటింట్లోకి వచ్చింది.

“అదే అర్థం కావట్లేదు,” అంది లీడియా వెనకే వచ్చి.

“ఆ పెట్టె తెచ్చిన అమ్మాయి కూడా ఎంత మర్యాదగా అడిగిందో,” అంది డియోలిండా, స్టూలు దిగుతూ. “‘ఎర్మీనియో గారి ఇల్లు ఇదేనాండీ’ అంది. ఎన్నాళ్లయిందో ఆయన పేరు అలా ఒకరి నోట విని. తీపిరొట్టె ముక్క పెట్టి పంపించా.”

నతేర్సియా, లీడియా ఒకేసారి ఆమె వైపు తిరిగారు.

“ఏమిటా చూపు?” అంది డియోలిండా.

“అమ్మమ్మా, తాతయ్య పోయి మూడేళ్లయింది.”

“నాకు తెలియదా?”

“ఈ ఊళ్లో అందరికీ తెలుసు. ఆయన పేరు పెట్టి ఇల్లు అడిగారంటే, ఆయన బతికే ఉన్నాడని ఎక్కడో రాసి ఉంది. ఆయన పేరు రమోనాకీ తెలుసు, వెండెల్‌కీ తెలుసు.”

లీడియా ఫోను తీసి ఈసారి తన పేరు కాదు, తాతయ్య పేరు కొట్టింది. పేజీ వెంటనే వచ్చింది, చాలా పొందిగ్గా, బొమ్మతో సహా. బొమ్మంటే మనిషిది కాదు, ఇంటిది. ఆకుపచ్చ రంగు వేసిన మూడంతస్తుల చెక్క ఇల్లు, కింద డియోలిండా టొమాటో కర్రలు కూడా కనిపిస్తున్నాయి. ఎర్మీనియో, వయసు ఎనభై నాలుగు. వీధి, ఇంటి నంబరు, రెండో అంతస్తు. ఫోను నంబరు. ఈ ఇంట్లో ఉంటున్నవారు: డియోలిండా, లీడియా.

నతేర్సియా చదివి గోడకి ఆనుకుంది. డియోలిండా కళ్లద్దాలు పెట్టుకుని, మనవరాలి చేతిలోంచి ఫోను తీసుకుని, చాలాసేపు చదివింది.

“వచ్చే నెలకి ఎనభై అయిదు నిండుతాయి,” అంది మెల్లగా. “చూశావా, వీళ్ల లెక్కలో ఈయన ఉన్నాడు.”

“అమ్మా, దీన్ని తీయించాలి.”

“దాని పేరు తీయించండి. ఆయన పేరు ఎందుకు?”

“పేజీ ఆయనది. మొత్తం పోతే గానీ కింద దాని పేరు పోదు.”

“అయితే ఇంకో దారి చూడండి.” డియోలిండా ఫోను బల్ల మీద బోర్లా పెట్టింది. “నా మొగుణ్ణి నేను ఒకసారి పాతిపెట్టాను. రెండోసారి నావల్ల కాదు.”

డియోలిండా మొండితనం గురించి మా వీధిలో ఎవరిని అడిగినా చెబుతారు, ఒక్క ఆమె తప్ప. ఫోను బిల్లు ఆయన పేరునే వస్తుంది, గ్యాసు బిల్లు ఆయన పేరునే వస్తుంది. బెల్లు పక్కన ఇత్తడి రేకు మీద ఆయన పేరే. మూడేళ్ల కిందట సంఘం హాలు వంటింట్లో, పండగ పులుసుకి పుదీనా కోస్తూ, జుల్మీరా అందరి ముందూ ఒక మాట అనేసింది. “ఆ పేరు తీసెయ్యవే తల్లీ! చచ్చిపోయిన మనిషి చేత కూడా సంసారం చేయిస్తావా?” డియోలిండా గరిటె కింద పెట్టి ఇంటికి వచ్చేసింది. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. గోడకి గోడ ఆనుకున్న ఇళ్లు, మెట్ల మీద ఎదురైతే మాత్రం ఇద్దరికీ ఆకాశంలోనే పని.

“అమ్మా,” అంది నతేర్సియా. “వాడు దీని చెయ్యి విరిచాడు. ఆసుపత్రికి వెళ్లింది నేను. నువ్వు కాదు.”

  తొట్టిలో కుళాయి నీళ్లు చుక్కలు చుక్కలుగా పూల మీద పడుతున్నాయి.

లీడియా లేచి గదిలోకి వెళ్లింది. సూట్‌కేసులోంచి ఒక చలికోటు తీసి బయట పడేసి, మూత వేసింది. ఈసారి తేలిగ్గానే పడింది.

“వెళుతున్నావా?” అంది డియోలిండా గుమ్మంలో నిలబడి.

“మరి ఉండి ఏం చెయ్యను? కిరీటం వస్తుంది, తలుపు తీసి ఉంటుంది, నేను పరదా వెనక నిలబడి ప్రతి అడుగుల చప్పుడికీ చస్తుంటాను. నీ పండగ పాడుచెయ్యను అమ్మమ్మా.” కోపంగా అనలేదు. అదే డియోలిండాకి ఎక్కువ తగిలింది. “ఒక్కటి మాత్రం తెలియట్లేదు. తాతయ్య పోయాక కదా నేను వచ్చింది? ఆయన ఇంట్లో నేను ఉంటున్నట్టు వీళ్లకి ఎవరు చెప్పారు?”

డియోలిండా చేతిలో సుత్తి ఇంకా ఉంది. దాన్ని మంచం మీద పెట్టి, పక్కనే కూర్చుంది.

“నువ్వు వచ్చిన వారం నీకు ఫోను కొనిచ్చానే…”

“ఆఁ.”

“నీ పేరున తీసుకుంటే వాడికి తెలుస్తుందని భయపడ్డాను. అందుకని మీ తాత ఖాతాలో కలిపించాను. చచ్చిపోయిన వాడి దగ్గర ఎవరు వెతుకుతారులే అనుకున్నాను.” ఆమె మనవరాలి వైపు చూడలేకపోయింది. “కౌంటర్లో కుర్రాడు, ఈ నంబరు ఎవరు వాడతారని అడిగితే నీ పేరు చెప్పాను.”

“అమ్మా!” అంది నతేర్సియా.

“అరవకే. అరవాల్సిందేదో నేనే అరుచుకుంటున్నా లోపల.”

లీడియాకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. చలికాలమంతా తను బయట గడ్డి పీకింది. వేరేమో ఇంట్లోనే, అమ్మమ్మ ప్రేమగా నాటిన చోట, హాయిగా పెరుగుతోంది.

డియోలిండా ముక్కు తుడుచుకుని లేచింది. “ఆ పేజీ తియ్యి. ఏం నొక్కాలో చెప్పు.”

“నిజంగానా?”

“మళ్లీ అడిగావంటే మనసు మార్చుకుంటా.”

ఆ సైటు తీసెయ్యడానికి ఒప్పుకుంది గానీ ఊరికే ఒప్పుకోలేదు. పేజీలో ఉన్న నంబరుకి తామే ఫోను చేస్తామంది. ఎత్తి, తెర మీద కనిపించే అంకెలు ఆ ఫోను మీదే నొక్కాలి. అప్పుడే అడుగుతున్నది ఆ ఇంటివాళ్లేనని నమ్ముతారట.

“ఏ నంబరది?” అంది నతేర్సియా వంగి చూస్తూ. చూసి నోరు తెరిచింది. “మన వంటింటి ఫోనా!”

వంటింటి గోడకి వేలాడే నల్ల ఫోను అది. అందరి చేతుల్లో సెల్లులు వచ్చాక కూడా డియోలిండా దాన్ని తీయనివ్వలేదు. దండగ, దుమ్ము, మ్యూజియంలో పెట్టు అని నతేర్సియా పోరని ఏడాది లేదు.

“తీసెయ్యమన్నావుగా?” అంది డియోలిండా. ఆ రోజు మొదటిసారి ఆమె మొహంలోకి వెలుగు వచ్చింది. “ఇప్పుడు చెప్పు, తీసెయ్యనా?”

“సరేలే. గెలిచావులే.”

లీడియా నొక్కింది. గోడ మీద ఫోను ఇల్లంతా అదిరేలా మోగింది. డియోలిండా జుట్టు సవరించుకుని మరీ ఎత్తింది. యంత్రం మాట్లాడింది: తెర మీది అంకెలు నొక్కండి.

డియోలిండా ఫోను వైపు చూసింది. ఫోనుకి బటన్లు లేవు. చుట్టూ రంధ్రాలున్న చక్రం ఉంది. వేలు పెట్టి తిప్పితే కిర్రుమంటూ తిరిగి, మళ్లీ తీరిగ్గా వెనక్కి వస్తుంది. పోనీ అని తిప్పింది. యంత్రానికి ఆ కిర్రుకిర్రు ఏం అర్థమైందో గానీ, అంకెలు అందలేదని చెప్పి పెట్టేసింది.

“ఈ తరం వాళ్లకి ఓపిక లేదు,” అంది డియోలిండా.

రెండోసారి నతేర్సియా తన సెల్లు తీసి, ఫోను నోటి దగ్గర పెట్టి, దాని బటన్లు టిక్కుటిక్కుమనిపించింది. యంత్రం ఈసారీ పెట్టేసింది. తెర మీద ఎర్రగా ఒక మాట వచ్చింది. ఇంకొక్కసారే అవకాశం. అదీ తప్పితే పోస్టులో అర్జీ పెట్టుకోవాలి. జవాబుకి వారాలు పట్టవచ్చు.

“వారాలు!” నతేర్సియా తల పట్టుకుంది. “వాడికి ఒక్క సాయంత్రం చాలు.”

“బటన్ల ఫోను దొరికితే తాతయ్య గదిలో ప్లగ్గుకి పెట్టొచ్చు,” అంది లీడియా. “గోడకి తగిలించేది కాకుండా మామూలుది. కానీ ఇప్పుడు ఎవరింట్లో ఉంటుంది?”

ఎవరింట్లో ఉందో ముగ్గురికీ తెలుసు. పెద్ద పెద్ద బటన్లున్న తెల్ల ఫోను. కిటికీ దగ్గర కూర్చుని జుల్మీరా సాయంత్రాలు అందులోనే ఊరి కబుర్లు చెప్పుకుంటుంది. ఎండాకాలం కిటికీ తీస్తే డియోలిండాకి ప్రతి మాటా వినిపిస్తుంది. వినట్లేదని డియోలిండా అంటుంది.

“నేను వెళ్లి అడుగుతాను,” అంది నతేర్సియా.

“వద్దు.” డియోలిండా ఏప్రాను విప్పి కుర్చీ మీద వేసింది. “అన్నది నన్ను. అడగాల్సింది నేను.”

పక్కింట్లో సాయంత్రం జపమాల మొదలైంది. ముందుగది నిండా ఆడవాళ్లు. మెట్లలా పేర్చిన తెల్లబట్టల మీద, కొవ్వొత్తుల మధ్య, వెండి కిరీటం. తలుపు తీసే ఉంది కాబట్టి డియోలిండా తట్టకుండా లోపలికి వెళ్లింది. ఒక్కొక్కరే ఆమెని చూశారు. ప్రార్థన చిక్కుముడి పడ్డట్టు ఆగిపోయింది.

జుల్మీరా ముందు వరసలో, పూసలు చేతిలో పట్టుకుని, తల తిప్పి చూసింది. “దారి తప్పారా?”

మీరు అంది. కాపురాలకి వచ్చిన నాటి నుంచి ఏమే, ఒసే అనుకున్నవాళ్లు. డియోలిండా అది దిగమింగింది.

“లేదు. నీ దగ్గరికే వచ్చాను. నీ ఫోను కావాలి.”

“అదుగో కిటికీ దగ్గర. మాట్లాడుకోండి.”

“ఇక్కడ కాదు. ఫోను పీకి ఇవ్వు, ఇంటికి పట్టుకెళ్లాలి.”

ఎవరో నవ్వు ఆపుకున్నారు. జుల్మీరా లేచి నిలబడింది. “మూడేళ్లు నా గుమ్మం తొక్కకుండా, ఇవాళ వచ్చి నా ఫోను పీకి ఇమ్మంటే… ఎందుకో తెలుసుకోవచ్చా?”

ఇంటికి వెళ్లి చెబుతానని అనవచ్చు. అదే అందామనుకుని వచ్చింది కూడా. కానీ అందరి ముందూ పడిన మాట అందరి ముందే దించుకోవాలని డియోలిండాకి ఆ క్షణంలో అనిపించింది.

“ఎర్మీనియో పోయాడు,” అంది గట్టిగా. “ఆయన పేరు నేను తియ్యలేదు. ఆయన పేరు పక్కన నా మనవరాలి పేరు ఎక్కింది. దాని అడ్రసు ఇప్పుడు లోకమంతా చూస్తోంది. ఆ దుర్మార్గుడు చూసేలోపు తీయించాలి. నువ్వు అప్పుడే చెప్పావు. నేను వినలేదు. చాలా?”



జుల్మీరా పూసలు పక్కనామె చేతిలో పెట్టింది. కిటికీ దగ్గరికి వెళ్లి, వంగడానికి నడుము సహకరించకపోయినా వంగి, ఫోను తీగ గోడలోంచి ఊడబెరికింది. ఫోనుని చంకలో పెట్టుకుని డియోలిండా ముందుకి వచ్చింది.

“చాలలేదు వదినా,” అంది. “చెప్పిన మాట మంచిదే. చెప్పిన తీరు బాగాలేదు. పుదీనా కోస్తూ చెప్పే మాటా అది? పద. తీగ తట్టుకుని పడేవు, నేనే పట్టుకొస్తా.”

కిరీటాన్ని ఒంటరిగా వదలకూడదు. అందుకని ఒక ముసలామెని కాపలా కూర్చోబెట్టి, మిగతా ఆడవాళ్లందరూ పూసలు పట్టుకుని వెనకే బయల్దేరారు. ఎవరూ పిలవలేదు. మా వీధిలో పిలవాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

ఎర్మీనియో గదిలో ప్లగ్గు ఆయన మంచం పక్కనే ఉంది. జబ్బుపడ్డప్పుడు పడుకునే మాట్లాడుకోవచ్చని పెట్టించింది. డియోలిండా ఆయన పడుకునే వైపు కూర్చుంది. తెల్ల ఫోను ఒళ్లో పెట్టుకుంది. గుమ్మంలో, నడవాలో, మెట్ల మీద దాకా ఆడవాళ్లు.

“నొక్కనా?” అంది లీడియా.

“ఉండు.” డియోలిండా దిండు వైపు తిరిగింది. “ఏమయ్యా, కోపం తెచ్చుకోకు. నీ మనవరాలి కోసం.” మళ్లీ ఇటు తిరిగింది. “ఊఁ.”

ఫోను మోగింది. యంత్రం మాట్లాడింది. లీడియా తెర చూస్తూ ఒక్కో అంకె చెప్పింది. డియోలిండా ఒక్కో బటనూ బొటనవేలితో, పిండి ముద్ద నొక్కినట్టు, ఆనించి నొక్కింది. నతేర్సియా జుల్మీరా చెయ్యి పట్టుకుంది. పట్టుకున్నది ఎవరి చెయ్యో ఆమెకి తెలియలేదు.

తరవాత యంత్రం మళ్లీ మాట్లాడింది. మీ కోరిక నమోదైంది. రెండు రోజుల్లో పేజీ తొలగిస్తాం.

“ఏమంది?” అన్నారు మెట్ల మీద వాళ్లు.

“తీసేస్తారట!” అని అరిచింది జుల్మీరా, అంతా తనే సాధించినట్టు.

మెట్ల మీద నుంచి వీధిలోకి ఆ మాట దిగిపోయింది. ఎవరో చప్పట్లు కొట్టారు. ఇంకెవరో, ప్రార్థన మధ్యలో వదిలేశామే అని గుర్తుచేశారు. మిగిలిన పూసలు అక్కడే, మెట్ల మీద నిలబడే చెప్పుకున్నారు. తీపిరొట్టె ఆదివారానికని దాచింది, ఆ సాయంత్రమే సగం అయిపోయింది.

మర్నాడు పొద్దున్నే డియోలిండా నల్ల కోటు వేసుకుని ఫోను కంపెనీ కౌంటరుకి వెళ్లింది. పేజీ తీస్తే సరిపోదు, వేరు పీకకపోతే మళ్లీ మొలుస్తుందని లీడియా చెప్పింది. టొమాటోలు పెంచే మనిషికి ఆ సంగతి రెండోసారి చెప్పనక్కర్లేదు. “మా ఆయన పోయాడు. మూడేళ్లయింది. ఖాతా నా పేరుకి మార్చండి. వాడేవాళ్ల పేరు ఎక్కడా రాయకండి,” అని కౌంటర్లో నిలబడి చెప్పింది. వెంట వచ్చిన జుల్మీరా కాగితం ముందుకి జరిపితే సంతకం పెట్టింది. అక్కడి నుంచి ఇద్దరూ గ్యాసు ఆఫీసుకి వెళ్లారు.

దారిలోనే సంఘం అధ్యక్షుణ్ణి ఆపి, డియోలిండా వారం గురించి నెట్‌లో ఇంటి నంబరు పెట్టొద్దని జుల్మీరా హుకుం జారీ చేసింది. మరి జనం ఎలా వస్తారని ఆయన సందేహించాడు.

“డియోలిండా ఇల్లు తెలియనివాడికి మన కిరీటంతో ఏం పనయ్యా?” అంది జుల్మీరా.

శనివారం సాయంత్రం నలుగురూ వంటింటి బల్ల చుట్టూ కూర్చున్నారు. లీడియా తాతయ్య పేరు కొట్టింది. తెర కాసేపు తిరిగింది. ఈ పేరుతో ఎవరూ లేరు. అమ్మమ్మ పేరు కొట్టింది, తన పేరు కొట్టింది. ఎవరూ లేరు. ఇంటి నంబరు కూడా కొట్టి చూసింది. ఆకుపచ్చ ఇల్లు వచ్చింది, టొమాటో కర్రలు వచ్చాయి, మనుషులెవరూ రాలేదు.

నతేర్సియా బల్ల మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. సంతోషమైతే అలాగే ఏడుస్తుంది, చిన్నప్పటి నుంచీ.

డియోలిండా మాత్రం తెర వైపు ఇంకోసారి చూసింది. “అక్కడ లేడు,” అంది. ముందుగదిలో అలంకారం పక్కన కుర్చీ మీద ఎర్మీనియో ఫోటో ఉంది. అటు చూసింది. “పోనీలే. ఆ లోకం ఆయనకి ఎప్పుడూ పడేది కాదు.”

పసుప్పచ్చ పూలు ఇప్పుడు గాజు జాడీలో ఉన్నాయి. రమోనాకి లీడియా అన్నీ చెప్పింది. ఆ పిల్ల కూడా బేకరీ వాళ్లందరి నోళ్లూ కుట్టేశానని మాటిచ్చింది.

“ఇంక రేపటి సంగతి,” అంది జుల్మీరా కాఫీ ముందుకి లాక్కుంటూ. “సాయంత్రం మా ఇంట్లోంచి మీ ఇంటికి కిరీటం తేవాలి. ఎవరు పట్టుకుంటున్నారు వదినా?”

పట్టుకునేది ఇంటివాళ్లలో ఎవరో ఒకరు. తెల్లచొక్కా వేసుకుని, వెండి పళ్లెంలో కిరీటం పెట్టుకుని, రెండు గుమ్మాల మధ్య వీధిలో నడవాలి. వెనక బాజాలు, ముందు జెండా, రెండు పక్కలా జనం.

“లీడియా,” అంది డియోలిండా.

ఏడుపు ఠక్కున ఆగింది. నతేర్సియా తల ఎత్తింది. “ఏమన్నావు?”

“నీకు వినిపించేలాగే అన్నా.”

“పిచ్చి పట్టిందా నీకు? ఇప్పుడే కదా దాని పేరు తుడిచాం? వీధి మధ్యలో నిలబెడతావా? ఫోటోలు తీస్తారు! వాడి కంట్లో పడటానికి ఎంతసేపు?”

“రేపు ఆ వీధిలో ఫోటోకని ఫోను ఎత్తినవాడి పక్కటెముకల్లో నా మోచెయ్యి దిగుతుంది,” అంది జుల్మీరా. “ఇల్లిల్లూ తిరిగి చెప్పొచ్చాను. బాజాల వాళ్లకి కూడా.”

“నువ్వు ముందే చెప్పేశావా? అంటే మీ ఇద్దరూ కూడబలుక్కున్నారా!”

ముసలివాళ్లిద్దరూ కాఫీ కప్పుల్లోకి చూసుకున్నారు. మూడేళ్ల మౌనం తరవాత వీళ్లకి మాటలే కాదు, కుట్రలు కూడా తిరిగొచ్చాయి.

“ఈ పిల్ల లోకానికి దొరక్కూడదు, నిజమే,” అంది డియోలిండా. “కానీ మన వీధికి కూడా దొరక్కుండా ఎన్నాళ్లుంటుంది? దీని మొహం తెలిస్తేనే కదే, ఆ వెధవ ఈ సందులో అడుగు పెట్టిన రోజు ఇరవై కిటికీలు తెరుచుకునేది? ఇది ఎవరో తెలియకపోతే ఎవరు అడ్డుపడతారు?”

నతేర్సియా తన కాఫీ కప్పు దూరంగా నెట్టింది. ఓడినా ఒప్పుకునే మనిషి కాదు, ఎంతైనా డియోలిండా కూతురు.

లీడియా లేచి గదిలోకి వెళ్లింది. బల్ల దగ్గర ముగ్గురూ చెవులు రిక్కించారు. సూట్‌కేసు జిప్పు లాగిన చప్పుడు వినిపించింది. తెరిచిందో మూసిందో ఆ చప్పుడుకి తెలియదు.

“చూశావా? వెళ్లిపోతోంది,” అంది నతేర్సియా. “నీవల్లే. నేనే దింపుతాను స్టేషనుకి.” లేచింది గానీ గది వైపు వెళ్లలేదు. వెళ్లి మెట్ల మీదికి తెరుచుకునే వంటింటి తలుపుకి అడ్డంగా, పక్కనున్న అల్మారాకి కూడా అడ్డంగా, రెండు చేతులూ చాపి నిలబడింది. పంపాలనుకుంటోందో ఆపాలనుకుంటోందో ఆమెకే తెలిసినట్టు లేదు.

లీడియా బయటికి వచ్చింది. చేతిలో సూట్‌కేసు లేదు. తెల్లచొక్కా ఉంది. చలికోట్ల కింద నలిగి ముద్దయిపోయిన తెల్లచొక్కా. దాన్ని దులిపి, భుజాలకి ఆనించి చూసుకుంది. విరిగి అతుక్కున్న ఎడమచెయ్యి చాపి, గాల్లో పళ్లెం పట్టుకున్నట్టు కాసేపు అలాగే ఉంచింది. 

డియోలిండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

లీడియా నడిచి తల్లి ఎదురుగా వచ్చి ఆగింది.

“అమ్మా, కొంచెం జరుగు. ఇస్త్రీపెట్టె నీ వెనక అల్మారాలో ఉంది.”

నతేర్సియా చేతులు దించలేదు. జరగనూ లేదు.